వెనక వరుసలోని మొహం

డాక్టరుగారి దశదినకర్మ భోజనాల్లో వడ్డించే మనిషి మా బంతి దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఒక చేతిలో పప్పు బకెట్టు ఉంది, రెండో చేతిలో గరిటె గాల్లోనే ఉండిపోయింది. మా మొహాలు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసి, "మీరంత సార్‌కు దగ్గరి సుట్టాలా? అక్కచెల్లెండ్లు, అన్నదమ్ముల లెక్కనే ఉన్నరు" అన్నాడు.

నిజానికి మాలో ఎవరికి ఎవరమూ ఏమీ కాము. నా పక్కనున్నాయనకు మీర్‌పేట్‌లో హార్డ్‌వేర్ షాపు ఉంది. ఆయన పక్కనున్నావిడ టైలరు. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పంతులమ్మను. అయితే అందరికీ పెద్ద దవడలే, వెడల్పాటి ముక్కులే, విస్తరి సగం కప్పేసే అరచేతులే. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథిలో చిన్న గడ్డ లేచి, ఎదుగుదల ఆగిపోయిన వయసులో కూడా ఎదుగుదల హార్మోన్ పోస్తూ కూర్చుంటే మనిషి ఇలా తయారవుతాడు. ఈ జబ్బు పేరు ఎక్రోమెగలీ. వేరు వేరు తల్లులు కన్నవాళ్లను ఒకే పోలికకు తెచ్చిపెడుతుంది. మమ్మల్ని ఊరంతా గాలించి ఏరుకొచ్చినవాడు మాత్రం, అదిగో, ఆ ఎదురుగా పటంలో దండ వేసుకుని ఉన్న పెద్దమనిషి.

"అవును బాబూ, దగ్గరి చుట్టాలమే" అన్నాను. ఆ మాటతో మా బంతికి గారెలు అడక్కుండానే మళ్లీ వచ్చాయి.

ఆయన క్లినిక్కు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో ఉండేది. కింద మిఠాయి దుకాణం, పైన ఆయన. షుగరు డాక్టరు జిలేబీ మూకుడు నెత్తిన కూర్చోవడం ఏమిటండీ అని ఒకసారి అడిగాను. "కిరాయి తక్కువ మేడం. పేషెంట్లు గూడ ఆడికెంచే పైకొస్తరు" అన్నారు, ఏమాత్రం నవ్వకుండా. ఆయనకు ఇల్లు గడిచేది షుగరు మీద, థైరాయిడ్ మీద. మనసు మాత్రం పీయూష గ్రంథి మీద. అది చెడిన మనిషి ఒక్కరు దొరికితే ఆ వారమంతా ఆయన మొహం వెలిగిపోయేది. దొరికిన మనిషి మొహం సంగతి వేరే చెప్పాలా.

ఆ మనుషుల కోసం ఆయన బజారంతా వెతికేవారు. ఒకసారి ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, ఎదుటి సీట్లో పెద్ద ముక్కు మనిషిని చూస్తూ చూస్తూ, దిగాల్సిన దిల్‌సుఖ్‌నగర్ వదిలేసి అమీర్‌పేటదాకా వెళ్లిపోయారట. ఆ మనిషి పోలీసును పిలుస్తానన్నాడు. ఈయన చేతులు జోడించి, ముక్కు ఎప్పటి నుంచి పెరుగుతోందని అడిగారు. "వాడు ఫోన్ తీసి వాళ్ల నాయిన ఫొటో సూపెట్టిండు మేడం. తాత ఫొటో గూడ సూపెట్టిండు. ఖాందాన్ ముక్కు!" అని తలకొట్టుకునేవారు. ఇలాంటి ఓటములు ఆయనకు బోలెడు. ఒక్కటీ దాచుకునేవారు కాదు. క్లినిక్కులో కౌంటర్ దగ్గర కూర్చునే వాళ్లావిడ అప్పుడు కలగజేసుకునేది. "ఊరందరి మొహాలు సూస్తడు. ఇంట్ల నేను జ్వరమొచ్చి పండుకున్నా సాయంత్రందాంక కనవడ."

ఆవిడ దగ్గర పేరు రాయించుకునేటప్పుడు, పాత రిపోర్టులకంటే ముందు అడిగే ప్రశ్న ఒకటుండేది: "ఆల్బం తెచ్చిన్రా?" అంటే పెళ్లి ఆల్బం. మనిషి మొహం ఏళ్ల తరబడి, కొంచెం కొంచెంగా మారుతుంది కాబట్టి పాత ఫొటో పక్కన పెడితే తప్ప తెలియదని ఆయన సిద్ధాంతం. అది నిజమే, పుస్తకాల్లోనూ ఉంది. కానీ మన పెళ్లి ఆల్బాలు పుస్తకాల వాళ్లు చూసి ఉండరు. ఒక్కొక్కటి సూట్‌కేసంత. జనం వాటిని చంకన పెట్టుకుని, జిలేబీ వాసన పీలుస్తూ మెట్లెక్కేవారు. వెయిటింగ్ హాల్లో అవి చేతులు మారేవి. "మీ తమ్ముడు గీ ఫొటోల ఎందుకు మూతి ముడుసుకున్నడు?" అని ఒకావిడ, "మీవోళ్లు బండి పంపలేదని" అని మొగుడు, ఇక అక్కడ మొదలు. లోపలికి పిలిచేసరికి సగంమందికి బీపీ పెరిగి ఉండేది. ఆయన దాన్ని కూడా రాసుకునేవారు.

నేను ఆయనకు దొరికింది కర్మన్‌ఘాట్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో నీట్ పిల్లలకు జువాలజీ చెబుతాను. మా ఫిజిక్స్ మేడమ్ చెల్లెలి పెళ్లికి వెళ్లి, మావారూ నేనూ ప్లేట్లు పట్టుకుని వరుసలో నిలబడ్డాం. సాంబారు గిన్నెల అవతల నుంచి ఒక బక్కపలచని పెద్దాయన నన్నే చూస్తున్నాడు.

"ఎవరే ఆయన? నిన్నే చూస్తున్నాడు!" అన్నారు మావారు. ఆ గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉండేసరికి నాకు ఒళ్లు మండింది.

పెద్దాయన చుట్టూ తిరిగి మా దగ్గరికే వచ్చాడు. "ఏమనుకోవద్దు మేడం. జర చేతులు చూపిస్తరా?"

"మాకు జాతకాల మీద నమ్మకం లేదండీ" అన్నారు మావారు.

"నాకు గూడ లేదు సార్. నేను డాక్టర్ను. మేడం గురక పెడ్తరా?"

"అబ్బో, తలుపులు అదురుతాయండీ!"

అంతే. అక్కడి నుంచి ఇద్దరూ నన్ను వదిలేశారు. చెమటలు పడతాయా, పడతాయి. తలనొప్పి ఉంటుందా, ఉంటుంది. పళ్ల మధ్య సందులు కొత్తగా వచ్చాయా, వచ్చాయండీ, మొన్న జామకాయ ఇరుక్కుంది. నా క్లాసులో మొదటి బెంచీ పిల్లలు కూడా అంత చురుగ్గా జవాబు చెప్పరు. చివరికి ఆయన జేబులోంచి చిన్న టార్చి తీసి, "జర నాలుక బయటికి తియ్యుండ్రి" అన్నాడు. అందరూ చూస్తున్నారు. నేను బొబ్బట్టుతో సహా ప్లేటు అక్కడ పెట్టేసి వచ్చేశాను.

చెప్పులు వేసుకుంటుంటే వెనకాలే వచ్చాడు. "మేడం, కోపం చేసుకోండ్రి, ఫరవాలేదు. ఒక్కసారి మీ పెండ్లి ఆల్బం తీస్కొని క్లినిక్‌కు రాండ్రి. మీ మొహం మారినట్టు కొడుతుంది నాకు. కాకపోతే నాకే సంతోషం."

ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. అద్దం ముందు నిలబడితే మావారు, "నీకేమైందే, పెళ్లినాటి నుంచీ అలాగే ఉన్నావు" అన్నారు. అమ్మకు ఫోన్ చేస్తే, "కాస్త ఒళ్లు చేశావంతే, నిండుగా ఉన్నావమ్మా" అంది. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. నేనూ నమ్మాను. నమ్మకపోతే ఏం చేయాలో తెలియదు కనుక నమ్మాను. ఫోనులో బుగ్గలు నున్నగా చేసే ఏర్పాటు లేకుండా ఫొటో దిగడం మానేసి ఎంత కాలమైందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. వయసుకంటే ముందే అనాకారిగా మారిపోతున్నానని, అది నా ఖర్మ అని లోలోపల ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు క్లాసులో నల్లగొండ దిక్కు అమ్మాయి ఒకతె లేచి, "మేడం, మీరు నడుమ బెంచీలోళ్లకే చెప్తున్రు. మేము చేతులెత్తినా మా దిక్కు సూడనే సూడరు" అంది. రెండు చివర్ల బెంచీల వాళ్లూ అవునవునన్నారు. వాళ్ల మీద కేకలేశాను. ఆ సాయంత్రమే చైతన్యపురి మెట్రో కింద రోడ్డు దాటుతుంటే ఒక ఆటో నా చీర అంచు రాసుకుంటూ పోయింది. "కండ్లు కనవడ్తలెవ్వా?" అని అరిచాడు డ్రైవరు. తిట్టుకుంటూ డివైడర్ మీద నిలబడ్డదాన్ని, ఎందుకో నిటారుగా ముందుకు చూస్తూ రెండు చేతులూ పక్కలకు చాపి వేళ్లు ఆడించాను. కనపడలేదు. కుడి పక్కా లేదు, ఎడమ పక్కా లేదు.

కళ్ల నుంచి వచ్చే నాడులు ఒకదాన్నొకటి దాటే చోటుకు సరిగ్గా కిందే పీయూష గ్రంథి ఉంటుంది. ఏటా ఆ బొమ్మ బోర్డు మీద గీస్తాను. గ్రంథిలో గడ్డ లేస్తే ముందు పక్కచూపు పోతుందని, దవడ పెరుగుతుందని, అరచేతులు వెడల్పవుతాయని పిల్లలతో వల్లె వేయిస్తాను. పరీక్షలో తప్పకుండా వస్తుందని రెండుసార్లు చెబుతాను. ఇంత చదువూ డివైడర్ మీద ఆటోవాడు తిట్టాక గానీ నాకు పనికిరాలేదు.

మర్నాడే ఆల్బం పట్టుకుని డాక్టరుగారి క్లినిక్కుకు వెళ్లాం. ఆయన ఒక్కో పేజీ తిప్పి, "గీమె ఎవరు?" అన్నారు.

"నేనే సార్."

"మీరు కాదు మేడం. గీమెను స్టూడియోల తయారుచేసిన్రు."

అప్పుడు తన పెద్ద ఓటమి కథ చెప్పారు. కొత్తగా పెళ్లయిన పిల్ల ఒకతె థైరాయిడ్ చూపించుకోవడానికి వచ్చిందట. ఆల్బంలో దవడ సన్నగా, ఎదుట కూర్చున్న దవడ వెడల్పుగా ఉంది. ఏడాది తిరక్కుండా ఇంత ఎముకా అని ఈయన ఎగిరి గంతేసి, అన్ని పరీక్షలూ చేయించారు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అత్తగారు బెంబేలెత్తిపోయింది, పిల్ల తల్లి క్లినిక్కుకు వచ్చి జిలేబీల వాళ్లు కూడా పైకి చూసేలా అరిచింది. తీరా చూస్తే, ఆల్బం చేసినవాడు పెళ్లికూతురు అందంగా కనపడాలని కంప్యూటర్లో రెండు పక్కలా దవడ చెక్కేశాడు. "వాడు కోసిండు, నేను పెరిగిందనుకున్న" అని ఆయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "గప్పటికెంచి పెండ్లికొడుకును, పెండ్లిపిల్లను నమ్ముడు బంద్ చేసిన. వేరేవాళ్ల పెండ్లిళ్లల్ల మీరు వెనక నిలవడ్డ ఫొటోలు కావాలె. వెనక వరుసోళ్ల మొహాలు ఎవ్వడు దిద్దడు. వాళ్లను దిద్దమని పైసలు ఎవరిస్తరు?"

ఇక చూడండి మా తిరుగుడు. ఎల్‌బీ నగర్‌లో ఆడపడుచు ఇల్లు, వనస్థలిపురంలో పిన్ని ఇల్లు, చెల్లెలి ఇల్లు. ప్రతిచోటా టీ తాగి, కుశలాలు అడిగి, ఉన్నట్టుండి "మీ ఆల్బం ఒకసారి ఇస్తారా" అంటే ఏమనుకుంటారు? ఆడపడుచు అయితే మావారిని వంటింట్లోకి పిలిచి, ఆస్తి పంచాయితీ ఏమైనా మొదలైందా అన్నయ్యా అని అడిగింది. ఏదో చెప్పి, ఆల్బాలు కారు డిక్కీ నిండా వేసుకుని వచ్చాం.

ఆయన వాటిని బల్ల మీద ఏళ్ల వారీగా వరసగా పరిచారు. చెల్లెలి పెళ్లిలో నేను అక్షింతల పళ్లెం పట్టుకుని ఉన్నాను. పిన్ని కొడుకు పెళ్లిలో ఎవరిదో భుజం మీదుగా తొంగి చూస్తున్నాను. ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌లో ఒక చివర నిలబడి నవ్వుతున్నాను. ఒక ఫొటో నుంచి ఇంకో ఫొటోకు ముక్కు పరుచుకుంటూ, నుదురు ముందుకు వస్తూ, గడ్డం దిగుతూ ఉంది. ఆయన వేలు ఒకచోట ఆగింది. "ఇగో, గీడిదాంక మీరే. గీడికెంచి గడ్డ పని మొదలువెట్టింది."

మావారు ఆ ఫొటోలన్నీ మళ్లీ మొదటి నుంచి చూశారు. తర్వాత మెల్లగా, "నేను రోజూ చూస్తూనే ఉన్నానండీ" అన్నారు.

"గందుకే కనవడలె సార్. రోజు చూసేటోళ్లకు కనవడదు."

నాకు ఏడుపు ఆగలేదు. భయంతో కాదు. ఇన్నేళ్లు నా ఖర్మ అనుకున్నది ఒక జబ్బు, దానికి ఒక పేరుంది, ఆ పేరు నేనే పిల్లలకు నేర్పుతున్నాను. "అనాకారిని అయిపోతున్నానని అనుకున్నాను సార్" అని నోరు బార్లా తెరిచి ఏడ్చాను. డాక్టరుగారికి ఏడ్చేవాళ్లంటే చచ్చేంత భయం. కంగారుగా అటూ ఇటూ చూసి, నోరు ఎలాగూ తెరిచే ఉంది కదా అని టార్చి వేసి నాలుక చూసేశారు. పెళ్లిలో దక్కనిది అలా దక్కించుకున్నారు.

"అందం సంగతి నాకు తెల్వదు మేడం. గ్రంథి సంగతి తెల్సు" అన్నారు తర్వాత. "ఇప్పుడు ఆలస్యం చేస్తే నడుమ చూపు గూడ పోతది. చేయకపోతే మిగుల్తది."

గ్లూకోజు నీళ్లు తాగించి, అరగంటకోసారి రక్తం తీశారు. మంచి మనిషికైతే చక్కెర లోపలికి పోగానే ఎదుగుదల హార్మోన్ అణిగిపోవాలి. నాది అణగలేదు. స్కానింగులో శనగగింజంత గ్రంథి ఉండాల్సిన చోట చిన్న ఉసిరికాయంత గడ్డ కనపడింది, కంటి నాడుల్ని పైకి నెడుతూ. ఆపరేషన్ పెద్దాసుపత్రిలో వేరే సర్జను చేశారు, ముక్కులోంచి లోపలికి వెళ్లి. ఈయనకు అక్కడ పనేమీ లేదు. అయినా రోజూ సాయంత్రం క్లినిక్కు ఆలస్యంగా తెరిచి మరీ వచ్చి, మంచం చివర నిలబడి, "ముక్కు చీదలేదు గద? తుమ్మొస్తే నోరు తెర్చి తుమ్మిన్రు గద?" అని అడిగేవారు. ఇంటికొచ్చాక ఫోన్లు. నీళ్లు ఎన్ని తాగారు, ఎన్ని పోయాయి. స్టాఫ్‌రూమ్‌కు పలకరించడానికి వెళ్లిన రోజున ఆ ఫోన్ స్పీకర్లో ఉండిపోయి, నా మూత్రం లెక్క ఫిజిక్స్ మేడమ్‌కు కూడా తెలిసింది.

చూపు తిరిగొచ్చింది. క్లాసులో మొదటి రోజు రెండు చివరలా ఎత్తిన చేతులు కనపడుతుంటే పాఠం ఆపి కాసేపు ఊరికే చూశాను. గురక తగ్గింది, చెమటలు తగ్గాయి, వేళ్ల వాపు తీసింది. గడ్డ కొంచెం మిగిలిందని నెలనెలా ఒక ఇంజెక్షను కొన్నాళ్లు ఇచ్చారు. అప్పుడొక రోజు ధైర్యం చేసి, "నా పాత మొహం వస్తుందా సార్?" అని అడిగాను.

మావారు పక్కనుంచి "వచ్చేసిందిగా" అన్నారు. డాక్టరుగారు ఆయన వైపు జాలిగా చూశారు. "మెత్తటి వాపు పోతది మేడం. పోయింది గూడ. ఎముక పోదు. దవడ గింతే ఉంటది. అబద్ధం చెప్తే మీకు నా మీద నమ్మకం పోతది. మళ్ల గడ్డ లేచిననాడు నేను చెప్పినా నమ్మరు."

అది లేచే జబ్బే. అందుకని ఏడాదికోసారి రక్తం రిపోర్టు చూసి, దాన్ని పక్కన పెట్టి, నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఆయన చూసేవారు. అంత సేపు నన్ను ఎవరూ చూడలేదు, కట్టుకున్న మనిషి కూడా. మొదట్లో సిగ్గుగా ఉండేది. తర్వాత తర్వాత ఆ రోజుకోసం ఎదురు చూసేదాన్ని. చివరికి "మారలె. పోండ్రి" అనేవారు. మా ఇంట్లో అందరూ రోజూ అనే మాటే. ఆయన అంటేనే నాకు నిద్ర పట్టేది. నా మొహం గురించి నిజం చెప్పడానికి ఈ ఊళ్లో నాకు ఆ ఒక్క మనిషే ఉన్నాడు. ఆయన గుండె ఆగి పోయారని తెలిసినప్పుడు ముందు ఆయన కోసం ఏడ్చాను. వెంటనే నా కోసం కూడా ఏడ్చాను.

ఈ ఏడు ఎల్‌బీ నగర్‌లో కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. చిన్న పిల్ల, నెమ్మదిగా మాట్లాడుతుంది. కంప్యూటర్లో రిపోర్టులన్నీ పైనుంచి కిందికి చదివి, "అన్నీ నార్మల్ మేడం. మళ్ల వచ్చే సంవత్సరం చూద్దాం" అంది.

లేవబోయి మళ్లీ కూర్చున్నాను. "ఒక్కసారి నా మొహం చూస్తావా అమ్మా?"

తలెత్తింది. "బాగున్నరు గద మేడం."

"అది కాదు. మారానా, లేదా?"

ఆ పిల్ల ఇబ్బందిగా నవ్వింది. "నేను మిమ్మల్ని ఇంతకుముందు చూడలేదు గద మేడం. ఎట్ల చెప్తా?"

నిజమే, ఎలా చెబుతుంది. కుర్చీ వెలుతురులోకి జరుపుకున్నాను. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. "అయితే ఇవాళ తీరిగ్గా చూసి పెట్టుకో తల్లీ" అన్నాను. "వచ్చే ఏడు నువ్వే చెప్పాలి."